బావ బట్టీ పట్టిన అక్షరాల పలక

మా అక్క మొగుడు ఇనప తలుపులు చేసే ఫ్యాక్టరీలో దీపాలు మార్చేవాడు. దీపాలంటే ఇంట్లో వెలిగేవి కావు. తలుపులకు కొట్టిన రంగు ఆరడానికి ఒక పొడుగాటి సొరంగం ఉంటుంది. దాన్నిండా వరుసలుగా, ఎర్రగా కాలే గాజు గొట్టాలు. ఇన్‌ఫ్రారెడ్ దీపాలంటారు. వాటి ఎరుపు చూసి "ఇది ఇంకో వారం" అనేవాడు బావ. సరిగ్గా వారానికే పోయేది. మెచ్చుకుంటే ఉబ్బి తబ్బిబ్బయ్యేవాడు, అది వేరే సంగతి.

ఇరవై రెండేళ్ళు ఆ వేడిని చూసి చూసి కళ్ళకు పొర కమ్మింది. నల్లద్దాలు ఇచ్చారు, పెట్టుకుంటేగా! ఎరుపులో తేడా తెలియదని జేబులో పెట్టుకునేవాడు. మొండిఘటం.

"ఆపరేషన్ చేయించుకో బావా" అన్నాను. నాదీ అదే ఫ్యాక్టరీ.

"కళ్ళ సంగతి కాగితం మీదికెక్కితే వేడి పనికి పనికిరానని ఇంటికి పంపేస్తార్రా. ఈ వయసులో నాకింకెవడిస్తాడు పని?"

ఫ్యాక్టరీలో ఏడాదికోసారి కంటి పరీక్ష. ఎప్పుడూ అదే గోడ, అదే అక్షరాల పలక. నేను దాన్ని ఫోటో తీసి, వారం రోజులు వంటింట్లో కూర్చోబెట్టి బట్టీ పట్టించాను. అక్క కూర కలుపుతూ తప్పులు దిద్దింది. ముగ్గురం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. మా బుద్ధి గడ్డి తింది!

పరీక్షలో గడగడా అప్పజెప్పాడు. కళ్ళు భేషుగ్గా ఉన్నాయని డాక్టరు రాసిచ్చాడు.

నెల తిరక్కుండానే మూడో వరుసలో దీపం పోయింది. సొరంగం మొత్తం ఆపరు, ఆ ఒక్క వరుసే ఆపుతారు. తలుపులు ఆగితే సూపర్‌వైజర్‌కి ప్రాణం మీదికొస్తుంది. గాజుకు వేలి జిడ్డు అంటితే పగులుతుందని పల్చటి నూలు గ్లవుజులు తొడుక్కుని బావ లోపలికి వంగాడు. అక్కడ ఒళ్ళంతా కాలుతూనే ఉంటుంది. ఏది ఆరిందో వేడి చెప్పదు, కన్నే చెప్పాలి. పొర కమ్మిన కళ్ళకు అన్నీ ఒకే ఎర్రటి మసక. మండుతున్న నాలుగో వరుస గొట్టాన్ని గుప్పిట్లో పట్టుకున్నాడు. ఆయన అరుస్తుంటే పక్కన తలుపులు కదిలిపోతూనే ఉన్నాయి.

ఆసుపత్రిలో కుడిచేతికి బొటనవేలు తప్ప నాలుగు వేళ్ళూ తీసేశారు.

నష్టపరిహారం అడగడానికి బావను తీసుకుని ఫ్యాక్టరీ ఆఫీసుకు నేనే వెళ్ళాను. ఆఫీసరు ఫైలు తిరగేశాడు.

"కళ్ళు భేషుగ్గా ఉన్నాయని రాసుంది కదండీ. వెలిగే దీపాన్ని చూస్తూ చూస్తూ పట్టుకుంటే మేమేం చేస్తాం?"

నిజం చెబితే మోసం కింద ఇద్దరినీ గెంటేస్తారు. ఆఫీసరు మాటకు తలూపాను. చవట వెధవని.

"బాగానే కనబడుతుందండీ. పొరపాటు నాదే" అన్నాడు బావ. అదే మాట రాసిన కాగితం మీద ఆఫీసరు చూపించిన చోట ఎడమచేతి వేలిముద్ర వేశాడు.

మర్నాడు సూపర్‌వైజర్ పిలిచి బావ పని నాకిచ్చాడు. నేను వద్దనలేదు.