డి డ్రైవ్‌లో రాజయ్య తాత

కంప్యూటర్ బాగుచేస్తానని కూర్చుని, ఒక నిండు మనిషి ముఖాన్ని లోకంలో లేకుండా చేసినవాణ్ని నేను. ఇంతకన్నా చిన్న నేరాలకు మనుషులు ఊళ్లు వదిలిపోయారు. నేను మాత్రం నాచారంలోనే, అదే ఇంటి పైపోర్షన్‌లో, అదే ఇంటివాళ్ల కళ్లెదుట ఏళ్ల తరబడి కాపురం చేశాను. ఎలా చేశానో చెబుతాను. నవ్వేవాళ్లు నవ్వండి గానీ కాస్త పద్ధతిగా నవ్వండి. ఇందులో ఒక పెద్దాయన చావుకు సంబంధించిన సంగతి ఉంది.

తెలంగాణ రావడానికి ఇంకా చాలా ఏళ్లున్న రోజులవి. మా వీధిలో ఇంటికో అసెంబుల్డ్ కంప్యూటర్ ఉండేది. పూలపూల గుడ్డ కప్పుకుని, జ్వరం వచ్చిన చుట్టంలా హాల్లో ఓ మూల కూర్చునేది. దానికి తరచూ వైరస్ పట్టేది. ఉప్పల్ నుంచి షాపతను వచ్చి, సంచిలోంచి దొంగ సీడీ తీసి, ఫార్మాట్ కొట్టిపోయేవాడు. పోతూ పోతూ అతను మా అందరికీ ఒక మంత్రం ఉపదేశించాడు: సి డ్రైవ్ పోతుంది, డి డ్రైవ్ పోదు. దాంతో వీధి వీధంతా పెళ్లి ఫోటోలు, పాటలు, పిల్లల పుట్టినరోజులు, మొత్తం బతుకుని డిలో దాచుకుంది. బ్యాంకు లాకరు మీద కూడా మాకు అంత నమ్మకం ఉండేది కాదు.

నేను తెనాలి వైపు నుంచి వచ్చి ఒక కంపెనీలో అకౌంట్లు రాసుకునే గుమాస్తాని. ఓ ఆదివారం స్నేహితుడు లాక్కుపోతే ఉచిత సాఫ్ట్‌వేర్ వాళ్ల సభకు వెళ్లాను. వెళ్లేటప్పుడు మామూలు మనిషినే. వచ్చేటప్పటికి సంచిలో విండోస్‌కు బదులు ఉచితంగా వేసుకునే లినక్స్ సీడీలు, గుండెల్లో స్వాతంత్ర్య సమరం. ఇక వైరస్ ఉండదు, దొంగ సీడీ ఉండదు, పాత డబ్బాలు లేచి పరిగెడతాయి. ముందు మా ఇంటి కంప్యూటర్‌కే విముక్తి కలిగిద్దామనుకున్నాను. మా ఆవిడ దానికి అడ్డంగా నిలబడి, అంత సేవ చేయాలని ఉంటే బయట చేసుకోమంది. బయట అంటే కింద పోర్షనే కదా.

కింద మా ఇంటి ఓనరు మల్లేశం అన్న, ఆయన తండ్రి రాజయ్య తాత ఉండేవాళ్లు. తాత మిల్లులో చేసి రిటైరైన మనిషి. ఆ మధ్య ఆయన దోస్తు ఒకాయన పోతే, చౌరస్తాలో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. ఇంట్లో వేరే ఫోటో దొరక్క రేషన్ కార్డులోది పెద్దది చేసి వేయించారట. దినాలయ్యేదాకా ఆ పెద్దమనిషి పోలీసులకు దొరికినవాడిలా అందరి నెత్తి మీదా వేలాడాడు. అది చూసిన తాతకు రెండు రోజులు ముద్ద దిగలేదు. తరవాత పీర్జాదిగూడలో బంధువుల గృహప్రవేశానికి వెళ్లినప్పుడు తెల్ల రుమాలు చుట్టి, మీసం తిప్పి, ఎవరిదో డిజిటల్ కెమెరాలో ఒక ఫోటో దిగాడు. తన ఫ్లెక్సీకి అదేనని ఇంట్లో అందరికీ చెప్పేశాడు. రోజూ సాయంత్రం చాయ్ తాగి, కంప్యూటర్ ముందు కుర్చీ వేసుకుని, కాసేపు తనను తాను చూసుకుని లేచేవాడు.

అలాంటి కంప్యూటర్ ముందు కూర్చున్నాను నేను.

"సారూ, నాయిన ఫోటో ఉన్నది అండ్ల. జర పైలం," అన్నాడు మల్లేశం అన్న.

"ఎందులో ఉందన్నా?"

"డిలనే."

"డిలో ఉంటే ఇంక ఫికరెందుకు?" అన్నాను. అతని భాషలో అతనికే ధైర్యం చెప్పాను చూడండి, అదీ నా ఆత్మవిశ్వాసం.

సీడీ వేశాను. తెర మీద ప్రశ్నలు మొదలయ్యాయి. ఇక్కడ మీకో మాట చెప్పాలి. కంప్యూటర్ అడిగే ప్రశ్నలు చదవడం మా వీధిలో అలవాటు లేదు. షాపతను ఎప్పుడూ చదవలేదు, అతన్ని చూసి నేర్చుకున్న మేమూ చదవలేదు. నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. అదొక తాళం. ఆ తాళంలో ఎక్కడో లినక్స్ సీడీ, డిస్కు మొత్తం చెరిపి నేను వాడుకోనా అని అడిగింది. దొంగ సీడీ ఎప్పుడూ అంత మర్యాదగా అడగలేదు. సరేనన్నాను.

సి, డి అనేవి మనం ఒకే బండ మీద గీసుకున్న చాక్‌పీసు గీతలని, కొత్తగా వచ్చినవాళ్లకు ఆ గీతలతో పని లేదని నాకు ఎవరూ చెప్పలేదు. అది బండ మొత్తం కడిగేసుకుంది.

కంప్యూటర్ మాత్రం గుర్రంలా పరిగెత్తింది. మల్లేశం అన్న ముచ్చటపడి నాకు చాయ్ పోయించాడు. అప్పుడే తాత వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"ఏదీ, నా ఫోటో దియ్యి."

తీశాను. అంటే, వెతికాను. ఈ మూల, ఆ మూల, గుడ్డ కింద కూడా చూశాను. చివరికి గొంతు సవరించుకుని, సభలో విన్న ధోరణిలో చెప్పాను: "తాతా, లినక్స్‌లో డి అనేది ఉండదు."

తాత కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుని తెరలోకి తొంగిచూశాడు.

"డి లేకుంటే, మరి నేనేడున్న?"

ఆ కెమెరాలోది ఎప్పుడో తుడిచేశారు. కంప్యూటర్‌లో ఉంది కదా అని ప్రింటు తీయించలేదు. డబ్బాని ఆటోలో వేసుకుని ఉప్పల్ షాపుకు తీసుకెళ్లాను. ఆపరేషన్ చేసిన కాంపౌండర్ని చూసినట్టు చూశాడు నన్ను షాపతను. ఏవేవో తంటాలు పడి ఫోటోలో పైముక్క లాగాడు. తెల్ల రుమాలు మడతలతో సహా స్పష్టంగా వచ్చింది. దాని కింద నుదురు మొదలవ్వాల్సిన చోటి నుంచి అంతా బూడిద రంగు. అదే ప్రింటు తీయించి తాతకు ఇచ్చాను. ఆయన దాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసుకుని, మెల్లగా అన్నాడు.

"ఈ చలికాలంల పోదామనుకున్న సారూ. దమ్ము ఆడుతలేదు. ఇగ ఎట్ల పోత? ఫోటో కుదిరేదాంక నేను పోను."

ఆయన హాస్యమాడలేదు. నిజంగానే పోలేదు. ఆ చలికాలం గడిచింది, ఇంకో చలికాలం వచ్చింది, దవాఖానాలో చూసే డాక్టరు మారాడు గానీ తాత మారలేదు. ప్రతి ఏడూ నేనే స్కూటర్ మీద స్టూడియోకు తీసుకెళ్లేవాణ్ని. ప్రతి ఫోటోకీ ఒక వంక. ఒకదాంట్లో అప్పు అడుగుతున్నట్టున్నానన్నాడు. ఒకదాంట్లో కోడలు కూర బాగలేదని అనలేక మింగుతున్నట్టున్నానన్నాడు. ఇంకోటి చూసి, వీడెవడో నాకన్నా ముసలోడని స్టూడియోవాడికే తిరిగి ఇచ్చేశాడు. ఫోటో పోయాక తాతకు ఆయుష్షు పెరగడం చూసి వీధిలో పెద్దవాళ్లు కొందరు చాటుగా నన్ను పిలిచి, మా డబ్బా కూడా ఓసారి చూడరాదా అని అడిగారంటే మీరు నమ్మరు.

తెలంగాణ వచ్చింది. ఆ రోజు మా చౌరస్తాలో డప్పులు, గులాల్. తాతను కుర్చీతో సహా తీసుకొచ్చి నీడన కూర్చోబెట్టారు. డప్పు దగ్గరకు రాగానే ఆయన లేచాడు. పడిపోతాడేమోనని నేను పరిగెత్తి భుజం చుట్టూ చెయ్యి వేశాను. అలాగే ఇద్దరం నాలుగడుగులు వేశాం. నేను వేసినవి అడుగులని ఎవరూ ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. మల్లేశం అన్న ఫోన్‌లో ఫోటో తీశాడు.

తాత చూసుకున్నాడు. రుమాలు జారిపోయి, ముఖమంతా గులాబీ రంగు, పళ్లు లేని నోరు నిండా నవ్వు.

"గిదే," అన్నాడు.

"సారు చెయ్యి అడ్డమున్నది నాయినా. తీపిచ్చి ఏయిస్త," అన్నాడు మల్లేశం అన్న.

"మనిషిని తీసెయ్యి, చెయ్యి ఉండనియ్యి. నన్ను తుడిచింది గా చెయ్యే గద. దినాలయ్యేదాంక నాతోని చౌరస్తల నిలవడనియ్యి."

ఆ తరవాత వచ్చిన చలికాలంలో తాత నిశ్చింతగా పోయాడు. చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. నిలువెత్తు తాత నవ్వుతున్నాడు. ఆయన భుజం మీద మణికట్టు దాకా, గడియారంతో సహా, నా చెయ్యి. వెనక మనిషి లేడు. ఆ చెయ్యి ఎవరిదని అడిగినవాళ్లందరికీ మల్లేశం అన్న ఓపిగ్గా మొదటి నుంచి చెప్పాడు. నేను గడియారం జేబులో పెట్టుకుని, రోజూ దాని కిందనుంచే ఆఫీసుకు వెళ్లాను.

ఆ ఫ్లెక్సీ కింద నిలబడి ప్రమాణం చేశాను. ఇక జన్మలో ఎవరి కంప్యూటర్ మీదా చెయ్యి వేయను. తప్పనిసరై వేయాల్సి వస్తే, ముందు లోపల ఎవరున్నారో అడుగుతాను.