తిరగనిచ్చే బండలు

మరిపెడ దగ్గర మా ఊళ్లో కమ్యూనిటీ హాలుకు స్లాబు పడి, గోడలకు సున్నాలు కూడా అయ్యాక, కింద ఏం పరవాలన్న దగ్గర పని ఆగింది. పెళ్లిళ్లు, మీటింగులు, వానకు తడిసిన మక్కలు ఆరబోసుకోవడం, ఆటలు, అన్నీ అందులోనే. అప్పుడు తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. బడి బంద్ కావడంతో పంతులునైన నేను ఖాళీ, కాబట్టి కమిటీలో అందరికంటే గట్టిగా అరిచింది నేనే. జనగామలో మా చుట్టాలింట్లో మెరిసే టైల్స్ చూసొచ్చాను. నేలలో ముఖం కనిపిస్తేనే హాలంటారని నా వాదన.

ఆ సమ్మె దీక్షా శిబిరంలో రోజూ డప్పు మీద ఆడవాళ్ల చేత ఆట ఆడించే అక్క ఒకామె ఉండేది. పక్క తండా మనిషి, మిర్చి ఏరే కూలీ. అంతకుముందు ఆమె గిర్రున తిరుగుతుంటే రోడ్డు మీద లారీలు ఆపుకుని చూసేవాళ్లట. ఆ ఏడు మొదట్లో ఏదో ఫంక్షన్ హాల్లో నున్నటి నేల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. మిర్చి కాలమంతా ఇంట్లోనే కూర్చుంది. కట్టు విప్పారు గానీ భయం పోలేదు. పక్కామె భుజం పట్టుకుని అడుగులేసేదే తప్ప తిరగడం మానేసింది. మళ్లీ పడితే ఇల్లు గడవదు మరి.

టైల్స్ నమూనా తెచ్చిన రోజు ఆమె హాలుకొచ్చింది.

"సారు, జర ఆగుండ్రి. నా కాళ్లతోని చూసినంక ఖాయం చెయ్యిండ్రి."

నాకు కోపమొచ్చింది. ఇంత చదివినవాడికి ఆమె కాళ్లు చెప్పాలా అనుకున్నాను. మేస్త్రీ మాత్రం టైలు, గరుకు షాబాద్ బండ, కొంచెం అరగదీసిన షాబాద్ బండ వరసగా పరిచాడు. ఆమె వాటి మీద చెంబెడు నీళ్లు పోయించింది. పెళ్లి భోజనాల్లో చారు ఒలకదా అని నన్నే అడిగింది.

చెప్పులు విడిచి టైలు మీద మడమ తిప్పింది. కాలు సర్రున పోయింది. నేను పట్టుకోకపోతే నా ముచ్చటకు ఆమె రెండో చెయ్యి కూడా విరిగేది. గరుకు బండ జారలేదు, సరే అదే వేద్దామన్నాను. ఆమె తన మడమ చూపించింది. చర్మం గీరుకుపోయింది.

"గిది కాలును పట్టుకుంటది గని తిరగనియ్యదు సారు. మోకాలు పోతది. పట్టుకోవాలె, మళ్ల ఇడవాలె. గసొంటిది గావాలె."

మూడోదైన అరగదీసిన బండ మీద సగం తిరిగి ఆగింది. మేస్త్రీ చేత ఇంకాస్త రుద్దించి మళ్లీ సగం తిరిగింది. కాలు పట్టి విడుస్తోంది, ఇక చాలంది. నేను ఏ పుస్తకంలోనూ చదవని లెక్క అది. ఆ లెక్క చూసి ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. హాలంతా అట్లాంటి బండలే పరిచాం.

రెండేళ్లకు రాష్ట్రం ఇస్తామన్న ప్రకటన వచ్చింది. ఆ మర్నాడు ముసురు. ఊరూ తండా బురద కాళ్లతో హాల్లోకి వచ్చేశాయి, డప్పు మొదలైంది. నేను గుమ్మం దగ్గర నిలబడి అందరి కాళ్లే చూస్తున్నాను. ఒక్కరూ జారలేదు. అక్క ఎప్పటిలాగే పక్కామె భుజం మీద చెయ్యేసి ఆడుతోంది. కాసేపటికి ఆ చెయ్యి తీసేసింది. రెండు చేతులూ చాపి, తడి బండల మీద గిర్రున తిరిగింది.