మామగారి సొట్టల కారు

మామగారు కారు మార్చరు. ఆయన గురించి ఎవరేం చెప్పాలన్నా ఈ ఒక్క ముక్కతోనే మొదలుపెట్టాలి. ఇల్లు మార్చారు, దుకాణం మార్చారు, పైవరస పళ్ళు మార్పించుకున్నారు. కారు మాత్రం మార్చలేదు. ఎప్పుడో కొన్నారు, ఎప్పుడో వాయిదాలన్నీ కట్టేశారు. ఇవాళ దాని మీద పైసా అప్పు లేదు, చెప్పుకోదగ్గ రంగు కూడా లేదు.

"నాన్నా, ఇక కొత్తది తీసుకోరాదూ? లోను నేనిప్పిస్తాను" అని కొడుకు అడిగినప్పుడల్లా ఆయన దగ్గర ఒకటే జవాబు.

"నడుస్తోందిగా!"

"మొన్న నేనూ, ఎదురింటాయనా నెడితే నడిచింది నాన్నా."

"ఎలాగైతేనేం, నడిచిందిగా!"

ఆ నడక వైభోగం చూసి తీరాలి. డ్రైవరు పక్క సీటు తలుపు తెరుచుకోదు. అటు కూర్చోవాలంటే డ్రైవరు తలుపులోంచి దూరి, గేరు రాడ్డు దాటుకుని, ఒళ్ళు నాలుగు మడతలు పెట్టుకుని వెళ్ళాలి. వాన పడితే వెనక సీటులో గొడుగు వేసుకోవాలి. మామగారిది కళ్ళజోళ్ళ దుకాణం కాబట్టి కారుకి ఏ జబ్బు చేసినా దుకాణం సరుకుతోనే వైద్యం. వైపర్‌ని కళ్ళజోడు తాడుతో కట్టారు. పక్క అద్దం పగిలితే తానే ఒక అద్దం సానబట్టి బిగించారు. అందులోంచి చూస్తే వెనక హారన్ కొడుతూ వచ్చే లారీ కూడా అరచేతిలో ఎత్తుకుని ముద్దుపెట్టుకోవాలనిపించేంత చిన్నగా కనిపిస్తుంది.

ఇక సొట్టలు! ముందు, వెనక, తలుపుల మీద, చక్రాల పైన, ఎటు చూసినా సొట్టలే. కోడలికి అర్థం కానిది అదే. దుకాణంలో ఫ్రేము ముక్కు మీద వెంట్రుకవాసి ఒరిగినా మామగారు ఊరుకోరు. "కూర్చోండి, ఇంకొక్కసారి" అంటూ చిన్న స్క్రూడ్రైవరుతో మనిషిని మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టేస్తారు. అలాంటి మనిషి కారు మీది సొట్టల్లో ఒక్కదాన్నీ తీయించరు. ఆ కారులో వెళ్ళాల్సి వస్తే కోడలు మొహాన్ని చేతిసంచి వెనక దాచుకునేది.

దానికి పూర్తిగా ఉల్టా ఆమె భర్త కారు. కొత్తది, నిగనిగలాడేది, వాయిదాల మీద కొన్నది. సీట్ల ప్లాస్టిక్ తొడుగులు ఇంకా తీయలేదు. దాని మీదికి పిల్లి ఎక్కితే కొడుకుగారికి గుండె దడ.

"ఏవండీ, నేనూ కాస్త నేర్చుకుంటాను, తాళం ఇవ్వండి" అంది కోడలు ఒకరోజు.

"ఇది మనది కాదే, బ్యాంకుది! వాయిదాలు అయ్యేదాకా పరాయి సొత్తు. దీని మీద గీత పడితే నేను తట్టుకోలేను."

ఆమె సరదాకి అడగలేదు పాపం. ఆమె నర్సు. మంచం దిగలేని రోగుల ఇళ్ళకే వెళ్ళి చూసుకునే ఉద్యోగం కోసం ఎన్నాళ్ళుగానో కాచుక్కూర్చుంది. ఇప్పుడు ఆసుపత్రివాళ్ళు పిలిచారు. నెలాఖరులోగా డ్రైవింగ్ లైసెన్సు చూపిస్తే ఉద్యోగం ఆమెది, లేకపోతే ఆమె తర్వాతి పేరు పిలుస్తారు.

డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళకపోలేదు. అక్కడ నేర్పేవాడు నిమిషానికోసారి "బ్రేకూ!" అని చెవిలో అరిచేవాడు. దాంతో ఎక్కడ ఏ చప్పుడైనా ఆమె కాలు బ్రేకు మీదికి దూకడం అలవాటైపోయింది. పరీక్షలో పక్కన కూర్చున్న అధికారి తుమ్మాడు. ఆమె బ్రేకు తొక్కింది. ఆయన నుదురు ముందు అద్దాన్ని పలకరించింది. ఫెయిల్!

ఆ సాయంత్రం ఆమె మొహం చూసి మామగారు అన్నారు, "రేపు పొద్దున మన కారు తియ్యమ్మా."

"మామయ్యా, నేను గుద్దేస్తాను."

"గుద్దు."

"అది కాదు మామయ్యా, నిజంగా గుద్దేస్తాను!"

"నిజంగానే గుద్దమంటున్నాను తల్లీ."

అన్న మాట నిలబెట్టుకుంది. మర్నాడు గేటు దాటకుండానే స్తంభానికి కొట్టింది. ఆ చప్పుడుకి నోట్లో బ్రష్షుతో పరుగెత్తుకొచ్చిన భర్త ముందు తన కారు క్షేమంగా ఉందో లేదో చూసుకుని, తర్వాత భార్య వైపు చూశాడు. ఆమె స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడుస్తోంది. మామగారు ఆమెని దింపి, తానూ దిగి, కళ్ళజోడు సర్దుకుని, కొత్త సొట్టని కొత్త ఫ్రేములా అటు నుంచీ ఇటు నుంచీ చూశారు.

"భలే! ఇక్కడొక్కచోటే ఖాళీగా ఉండేది."

"నా మొదటి జీతంతో బాగుచేయిస్తాను మామయ్యా."

మామగారికి కోపం రావడం ఆమె అప్పుడే చూసింది. "సొట్ట జోలికి వెళ్ళావంటే ఊరుకోను! ఏడుపు ఆపి ఎక్కు. స్టార్ట్ చెయ్."

ఖర్చంటే ఎంత భయమో ఈయనకి, అనుకుంది కోడలు. అత్తగారు మాత్రం కిటికీలోంచి, "పిసినారి కాదులేవే, అదో రకం మనిషి" అని లోపలికి వెళ్ళిపోయింది.

రోజూ పొద్దున్నే మార్కెట్ వెనక ఖాళీ స్థలంలో నేర్చుకోవడం. మామగారు అరవలేదు, విసుక్కోలేదు, పాఠాలు చెప్పలేదు. ఆ మాటకొస్తే అసలు మెలకువగానే లేరు! ఆమె రెండో గేరు వేసేసరికి ఆయన తల వెనక్కి వాల్చేసేవారు, మూడో గేరుకి గురక మొదలయ్యేది. కోడలు ఓరగా చూసి ఆశ్చర్యపోయేది. తను నడుపుతుంటే నిద్రపోగలిగిన మనిషి ఈ భూమ్మీద ఒకడున్నాడా! ఆయన నిద్ర చెడగొట్టకూడదని ఆమె మెల్లగా మలుపులు తిప్పడం నేర్చుకుంది, కుదుపు లేకుండా ఆపడం నేర్చుకుంది. ఆయన నిజంగానే నిద్రపోయేవారో లేదో దేవుడికే తెలియాలి.

పరీక్ష రోజు వచ్చింది. తప్పితే నెలాఖరులోగా మరో అవకాశం లేదు. కోడలు కారు నడుపుతూ, మామగారు పక్కన, అత్తగారు వెనక, భర్త తన కొత్త కారులో చాలా దూరం నుంచి జాగ్రత్తగా అనుసరిస్తూ మైదానానికి చేరారు. తళతళలాడే కార్ల వరస చివర వీళ్ళ కారు ఒక దగ్గు దగ్గి ఆగింది. అక్కడున్నవాళ్ళంతా తిరిగి చూసి నవ్వారు. కోడలి చెయ్యి అలవాటుగా చేతిసంచి కోసం వెతికింది.

ఇంతలో ఒక స్కూలు వ్యానులోంచి ఒకావిడ దూకి వచ్చింది. ఆ వ్యాను నడిపేది ఆవిడే. "మాస్టారూ! నాది ఉందా? తీయించలేదుగా?" అంటూ వంగి, వెనక చక్రం పైనున్న సొట్టని చేత్తో తడిమింది. "ఉంది! చెక్కు చెదరలేదు!"

"మీదేమిటండీ?" అంది కోడలు తెల్లబోయి.

"ఈ సొట్ట! మా ఆయన పోయాక పిల్లల్ని పెంచాలి, చేతిలో పనిలేదు. బండి నేర్పమంటే ఎవరూ తాళం ఇవ్వలేదు. మాస్టారు ఇచ్చారు. ఈ తలుపు అంబులెన్సు నడిపే అతనిది. ఆ తెరుచుకోని తలుపుంది చూశారూ, అది మందులషాపు ఆవిడ పుణ్యం. వెనక ఈ పెద్ద గుంత మీ ఆయనది."

కోడలు భర్త వైపు తిరిగింది. "మీరెప్పుడూ ఎక్కడా గుద్దలేదన్నారు?"

భర్త ఆకాశంలో ఏదో చాలా ముఖ్యమైన మబ్బుని చూస్తున్నాడు.

"నేనొకసారి అడిగాను," అంది వ్యాను ఆవిడ గొంతు తగ్గించి. "కొత్త కారు కొనుక్కోవచ్చుగా మాస్టారూ అని. 'అప్పు చేసి కొంటే, తాళం నీకిచ్చేటప్పుడు నా చెయ్యి వణుకుతుందమ్మా' అన్నారు. పోనీ నా సొట్టకి డబ్బిస్తానంటే తిట్టారు. నున్నగా ఉన్న కారు మీద మొదటి సొట్ట వేసినవాళ్ళు కుమిలి చస్తారట. ఇన్నిటిలో మనదొకటైతే ఎవరూ ఏడవరట."

కోడలు ఆ కారు చుట్టూ మెల్లగా ఒకసారి తిరిగింది. ఇన్నాళ్ళూ చేతిసంచి వెనక మొహం దాచుకుని తిరిగిన కారు! ఎంతమంది బతుకుతెరువు దాని ఒంటి మీద ఉందో! మామగారు దూరంగా నిలబడి ఎవరి కళ్ళజోడో సరిచేస్తున్నారు. ఏం మనిషి, ఏం మనిషి అనుకుంది. చేతిసంచి తీసి వెనక సీటులో పడేసింది.

పరీక్షకి ఆ పాత అధికారే వచ్చాడు. ఆమెని గుర్తుపట్టి ముందే నుదురు తడుముకున్నాడు. డ్రైవరు తలుపులోంచి దూరి, గేరు రాడ్డు దాటి, సీటులో పడ్డాడు. మలుపులు అయ్యాయి, ఎత్తు మీద ఆపడం అయింది, వెనక్కి నడపడం అయింది. ఆఖరి వంకర దగ్గర ఆయన తుమ్మాడు, అదీ ఎలాంటి తుమ్ము! పైకప్పు అదిరింది. కోడలి కాలు కదల్లేదు.

"చిరంజీవ" అంది రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా.

పాస్! ఉద్యోగం ఆమెదే. అత్తగారు అందరి ముందూ ఆమెని కావలించుకుంది. భర్త తన కొత్త కారు తాళం తీసి, గుండె రాయి చేసుకుని, "ఇంటికి దీన్ని నడుపు" అన్నాడు. ఆ చెయ్యి నిజంగానే వణుకుతోంది.

"వద్దులెండి, ముందు వాయిదాలు కానివ్వండి" అని కోడలు మామగారి కారే ఎక్కింది.

సగం దూరం వచ్చాక అడిగింది, "మామయ్యా, అందరివీ చూశాను. మీ సొట్ట ఏది?"

"నాది దీని మీద లేదమ్మా. మీ అత్తయ్య వాళ్ళ నాన్నగారి కారు మీద. అప్పట్లో ఆయన దుకాణంలో పనిచేసేవాణ్ణి. ఆయనే నడపమన్నారు, నేను తీసుకెళ్ళి గోడకి కొట్టాను. పని పోయిందనే అనుకున్నాను. ఆయన కారు వంక చూడను కూడా చూడలేదు. 'నీకేం కాలేదు కదా బాబూ?' అన్నారు. తాళం మళ్ళీ నా చేతిలోనే పెట్టారు. చేసుకుంటే ఆ ఇంటి పిల్లనే చేసుకోవాలని ఆ రోజే అనుకున్నాను."

కోడలికి కళ్ళు చెమ్మగిల్లబోయాయి. వెనక సీటు ఆ అవకాశం ఇవ్వలేదు.

"బాగుంది సంబడం! ఆ రోజు వెనక కూర్చున్నది నేను. మా నాన్న ఈయన్ని అడిగాడు, నన్ను ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. ముందు సీటుకి కొట్టుకున్నాను. ఇదిగో, ఇక్కడ తడిమితే ఇప్పటికీ తెలుస్తుంది."

మామగారు గభాలున వెనక్కి తిరిగారు. కళ్ళజోడు సర్దుకుని, సీటు మీంచి వంగి, అత్తగారి నుదుటి మీద వేలు పెట్టి కంగారుగా వెతకసాగారు. నవ్వుతో చేతులు అదుపు తప్పేలా ఉంటే కోడలు కారుని మెల్లగా, ఒక్క కుదుపు లేకుండా, రోడ్డు పక్కకి తీసి ఆపేసింది.