వైకుంఠం సార్ బోణీ

వైకుంఠం సార్ ఇంట్లో తాతల కాలం నుంచీ అందరూ గల్లాపెట్టె ముందు కూర్చున్నవారే. నయాపూల్ దాటాక వచ్చే బజారులో వారిది ఇత్తడి సామాన్ల దుకాణం. బిందెలు, కంచాలు, పూజ గంటలు. ఆయన ఒక్కరే ఇంగ్లీషు చదివి డిగ్రీ కాలేజీలో లెక్చరర్ అయ్యారు. ఎందుకని అడిగితే, దుకాణంలో చప్పుడు ఎక్కువ అంటారు. కాలేజీలోనూ చప్పుడు తక్కువేమీ కాదు.

దుకాణం ఇప్పుడు అన్న కృష్ణయ్య చూసుకుంటాడు. సాయంత్రం కాలేజీ నుంచి నడిచి వచ్చే తమ్ముణ్ణి ఆపి, చాయ్ గ్లాసు చేతిలో పెట్టి, రోజూ ఒకటే అడుగుతాడు.

"ఏం రా, ఇయ్యాల బోణీ అయిందా?"

మొదట్లో అది వెక్కిరింపు. పొద్దంతా నోరు నొప్పి పుట్టేలా మాట్లాడి వచ్చిన మనిషి ఏం అమ్ముకొచ్చాడని. తర్వాత తర్వాత వైకుంఠం సార్ దానికి నిజంగానే జవాబు చెప్పడం మొదలుపెట్టారు. అంతదాకా నోరు తెరవని పిల్లలెవరైనా ఆ రోజు క్లాసులో ఒక్క వాక్యం ఇంగ్లీషులో సొంతంగా చెబితే అది బోణీ. ఎవరూ చెప్పకపోతే "కాలేదన్నా" అంటారు. కృష్ణయ్య ముఖం చిన్నబోతుంది.

"రేపయితది తియ్. చాయ్ చల్లగైతుంది, తాగు."

కాలేజీ శాలిబండ వైపు, ఒక పాత మేడ మీద ఉంది. కింద మందుల షాపు, దాని పక్కన వెల్డింగ్ షాపు. వెల్డింగ్ మొదలైతే పద్యం ఆపాలి. అది ఆగాక మళ్ళీ ఎత్తుకోవాలి. చప్పుడు ఆగి, పద్యం మళ్ళీ ఎత్తుకునేలోపు దొరికే ఖాళీ అంటే సార్‌కు ఇష్టం. పిల్లలు తమకు తోచిన అర్థాలు చెప్పేది అప్పుడే. సముద్రం మీద పద్యం చెబుతున్న రోజు, ఎన్నడూ సముద్రం చూడని సమ్రీన్ లేచింది. ఆమెది లాడ్‌బజార్‌లో లక్క గాజులు చేసే ఇల్లు.

"అలలంటే రంజాన్‌ల చార్మినార్ కాడ పబ్లిక్ లెక్క సార్. ఎన్కనుంచి తోస్తనే ఉంటరు. ఎవ్వరు తోస్తున్రో తెల్వదు. ముందుకు పోవుడే."

వైకుంఠం సార్ పుస్తకం మూసేశారు. ఆ రోజుకు ఇంకేమీ చెప్పాలనిపించలేదు.

ఆయనకు ఉన్న ఒకే ఒక్క శత్రువు గైడు. ఫుట్‌పాత్ మీద దొరికే పలుచటి పుస్తకం. నిన్ను నువ్వు పరిచయం చేసుకోవడం ఎలా అని అందులో ఒక పేజీ ఉంటుంది. క్లాసంతా ఆ పేజీని బట్టీ పట్టింది. అందరిదీ గౌరవనీయమైన కుటుంబమే. అందరి నాన్నలూ క్రమశిక్షణ గలవారే. చివరికి వచ్చేసరికి అందరూ అదే మాట అంటారు: మై హాబీ ఈజ్ గార్డెనింగ్.

"తోటపనా? శాలిబండల? గోడకు గోడకు సందు లేదు, తోటలెక్కడియి బిడ్డా మీకు?"

"పుదీనా హై నా సార్, కుండీల," అంది సమ్రీన్.

అందరికన్నా గట్టిగా బట్టీ పట్టినవాడు నందు. గౌలిపురలో పాలవాళ్ళ పిల్లవాడు. తెల్లవారకముందే పాలు పిండి, ఇల్లిల్లూ తిరిగి పోసి, తల దువ్వుకుని వచ్చి చివరి బెంచీలో కూర్చుంటాడు. తెలుగులో, ఉర్దూలో గలగల మాట్లాడతాడు. ఇంగ్లీషు అనేసరికి లేచి నిలబడి, చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని గైడు పేజీ అప్పజెబుతాడు. మధ్యలో ఎవరైనా ఆపితే అక్కడి నుంచి ఎత్తుకోలేడు. మళ్ళీ పేరు దగ్గర మొదలుపెట్టాలి.

డిగ్రీ చేతికి రావాలంటే వైవా గట్టెక్కాలి. బయటి కాలేజీ నుంచి వచ్చే మేడమ్ ముందు కూర్చుని ఇంగ్లీషులో మాట్లాడాలి. నందు ఇప్పటికే రెండుసార్లు తప్పాడు. రెండుసార్లూ పేరు దాటి ముందుకు పోలేదు. మిగతావన్నీ పాసయ్యాడు. వాళ్ళ నాన్న ఓదెలు ఒకరోజు కాలేజీ మెట్ల దగ్గర నిలబడి సార్‌తో మాట్లాడి వెళ్ళాడు.

"ఈసారి తప్పితే బంద్ సార్. కొట్టం ఉన్నది, బర్రెలున్నయ్. వానికేం ఫికర్?"

నందుకు మాత్రం ఫికర్ ఉంది. ఒక పాల డెయిరీలో సూపర్‌వైజర్ ఉద్యోగం ఇస్తామన్నారు. డిగ్రీ చూపించాలి.

"జీతం మంచిగిస్తరా?" అని అడిగారు సార్.

"గది కాదు సార్. డెయిరీ జీపుల ఊర్లన్ని తిప్పుతరంట. ఎన్ని తీర్ల బర్రెలు చూడొచ్చు సార్!"

ఆ సాయంత్రం బోణీ గురించి అన్న అడిగితే వైకుంఠం సార్‌కు నందే గుర్తొచ్చాడు. నందు బోణీ ఎన్నాళ్ళుగానో బాకీగా ఉంది.

దీపావళికి ముందు, ఒక పొద్దున్న, ఆయన కాలేజీకి గౌలిపుర గల్లీలోంచి నడిచి వెళ్తున్నారు. పండుగ అయ్యాక వచ్చే సదర్ కోసం యాదవులు దున్నపోతులను తయారు చేసే రోజులవి. నూనె పట్టించి, కొమ్ములకు రంగులు వేసి, మెడలో గవ్వల పట్టెడలు కట్టి, డప్పుల మధ్య వీధుల్లో ఆడిస్తారు. గల్లీ మలుపులో నందు ఒక నల్లటి కొండను కడుగుతున్నాడు. ఎడమ చేతికి పగ్గం చుట్టుకుని, కుడి చేత్తో పీచుతో రుద్దుతున్నాడు. రుద్దినంతసేపూ దానితో మాట్లాడుతూనే ఉన్నాడు. అరుగు మీద వాళ్ళ నాయనమ్మ రుక్మాబాయి కూర్చుని గవ్వలు గుచ్చుతోంది.

నందు వెనక్కి తిరిగి చూడలేదు. వైకుంఠం సార్ ఎందుకు అలా చేశారో ఆయనకూ తెలియదు. క్లాసులో అలవాటైన గొంతుతో ఇంగ్లీషులో అడిగారు.

"దీని పేరేంటి?"

"లాడ్లా," అన్నాడు నందు, రుద్దుతూనే.

"ఏం తింటుంది?"

"శనగలు. బెల్లం. సదర్ వచ్చినప్పుడు బాదం." ఇంగ్లీషులోనే చెప్పాడు. "బాదం మా నాయనమ్మ పెడుతుంది. నేను పెడితే తినడు. వీడికి పొగరు ఎక్కువ."

వైకుంఠం సార్ కదలలేదు. పక్కన మోరీ గట్టు మీదే నిలబడిపోయారు. మూడో ప్రశ్న చాలా మెల్లగా వేశారు.

"నీ మాట వింటుందా?"

"నా మాట వినడు. నా చేయి వింటాడు."

రుక్మాబాయి గవ్వలు పక్కన పెట్టింది.

"ఏంది రా, మీ ఇద్దరు గిట్ల మాట్లాడుకుంటున్రు? నాకు సమజ్ గాకుంట నన్నేమన్న అంటున్రా?"

నందు తల తిప్పాడు. సార్‌ను చూశాడు. తాను ఏ భాషలో మాట్లాడాడో అప్పుడు తెలిసింది. పీచు కింద పడింది. చేతులు కట్టుకున్నాడు.

"గుడ్ మార్నింగ్ సార్," అన్నాడు. అక్కడితో ఆగిపోయాడు.

మర్నాడు వైకుంఠం సార్ క్లాసులో ఒక మాట చెప్పారు. మాట్లాడే పీరియడ్‌లో ఎవరూ చేతులు కట్టుకుని నిలబడవద్దు. ఎవరి ఇంటి పని వాళ్ళు తెచ్చుకోవాలి. చేయి పని చేస్తూ ఉండగా నోరు మాట్లాడాలి. నందు తాడు తెచ్చాడు. క్లాసు గొల్లుమంది.

"బర్రెను కింద పార్క్ చేసినవా అన్నా?"

"నవ్వుండ్రి నవ్వుండ్రి. రేపు మీ పాలల్ల నీళ్ళే," అన్నాడు నందు.

సమ్రీన్ లక్క గాజులు, రాళ్ళు తెచ్చింది. ఒకమ్మాయి గుడిమల్కాపూర్ నుంచి వచ్చిన బంతిపూలు ఒళ్ళో పోసుకుని దండ కట్టింది. ఇంకొకరు వక్కలు కత్తిరించారు. వైకుంఠం సార్ తాను ఊరికే కూర్చోవడం బాగుండదని ఇంటి నుంచి చిక్కుడుకాయలు తెచ్చి ఈనెలు తీశారు. అవి మళ్ళీ ఇంటికి చేరితే ఆయన భార్య కమల వండుతుంది.

"ఈ కాయలు ఇంగ్లీషు మీడియం. ఉడుకుతయో ఉడకయో," అంటుంది.

ప్రిన్సిపాల్ ఒకరోజు వరండాలో నడుస్తూ ఆగి లోపలికి తొంగి చూశారు.

"ఇది క్లాసా, కార్ఖానానా వైకుంఠం గారూ?"

"రెండూ కొంచెం కొంచెం సార్," అన్నారు ఆయన, చిక్కుడు ఈనె తీస్తూ.

తప్పులు మస్తుగా దొర్లేవి. వాటిని సార్ దిద్దేవారు, కానీ ఎవరి వాక్యమూ పూర్తికాకముందు కాదు. వెల్డింగ్ మొదలైనా పిల్లలు ఆగడం మానేశారు. దాని మీదుగా అరిచి చెప్పేవారు. సదర్ వచ్చే నాటికి నందు తాడు ముడులు వేస్తూ, విప్పుతూ, లాడ్లా గురించి, పాలు తక్కువని తగువు పెట్టుకునే ఇళ్ళ గురించి, వాన రోజున కొట్టంలో వచ్చే వాసన గురించి చెప్పగలిగాడు. అయినా వైకుంఠం సార్ దాన్ని బోణీ కింద లెక్కవేయలేదు. తాడు లేకపోతే మాట ఉంటుందో లేదో ఆయనకు తెలియదు.

సదర్ అయిన తర్వాతి వారంలో వైవా పెట్టారు. గది తలుపు దగ్గర అటెండర్ అంజన్న నిలబడ్డాడు.

"హాల్ టికెట్, పెన్ను. గంతే. ఏందిది? తాడా?"

"ఉండనియ్యి అన్నా, జర."

"మేడమ్ జూస్తే నా కొలువు వోతది. గీడ వెట్టి నడువ్."

నందు తాడును వరండాలో బెంచీ మీద పెట్టాడు. ఆ బెంచీ మీదే వైకుంఠం సార్, ఆయన పక్కన తన వంతు కోసం సమ్రీన్ కూర్చుని ఉన్నారు. సొంత కాలేజీ మాస్టర్లు లోపలికి పోకూడదు. సార్ లేచారు. మళ్ళీ కూర్చున్నారు. తాడును ఒళ్ళోకి తీసుకున్నారు.

తలుపు సగం తెరిచే ఉంది. లోపల ఫ్యాను గట్టిగా తిరుగుతోంది. నందు చేతులు కట్టుకోవడం ఇద్దరికీ కనిపించింది.

గైడు మొదలైంది. పేరు, గౌరవనీయమైన కుటుంబం, క్రమశిక్షణ గల నాన్న, తోటపని.

మేడమ్ ఆపింది. "ఏ పూలు పెంచుతావు?"

నందు ఆగాడు. మళ్ళీ పేరు దగ్గర మొదలుపెట్టాడు. నాన్న దగ్గర ఆగిపోయాడు.

"అయిపాయె సార్," అంది సమ్రీన్ మెల్లగా.

వైకుంఠం సార్ చేతిలో తాడు బిగిసింది.

లోపల మేడమ్ పెన్ను తీసింది. మార్కుల కాగితం కోసం కట్ట మీద చేయి వేసింది. ఆ కట్ట పొద్దున అంజన్న కట్టింది. దారం జారిపోయి ఉంది. ఫ్యాను గాలికి కాగితాలు లేచి గదంతా పరచుకున్నాయి. మేడమ్ అయ్యో అంది. నందు ఒక్క అడుగులో వంగి కాగితాలన్నీ ఏరాడు. అంచులు బల్లకేసి కొట్టి సరిచేశాడు. కింద పడిన దారం అందుకుని కట్ట చుట్టూ తిప్పి, బిగించి, ముడి వేశాడు.

మేడమ్ కట్టను లాగి చూసింది. కదల్లేదు. ఇంగ్లీషులోనే అడిగింది.

"ఈ ముడి ఎవరు నేర్పారు?"

"మా నాయనమ్మ." నందు చేతిలో దారం కొస ఇంకా ఉంది. "ఇది బర్రెకు వేసే ముడి మేడమ్. బర్రె ఎంత లాగినా మెడ బిగుసుకోదు. మనం ఈ కొస లాగితే వెంటనే ఊడిపోతుంది. చూడండి."

ఊడదీసి చూపించాడు. మళ్ళీ కట్టాడు.

"ఎందుకు అలా?"

"బర్రె భయపడినప్పుడు లాగుతుంది. భయపడినదాన్ని బిగించకూడదు. కొట్టంలో ఏమైనా జరిగితే తొందరగా విడిపించాలి కూడా."

"మీకు ఎన్ని బర్రెలున్నాయి?"

అతను చెప్పాడు. ఒక్కొక్కదాని పేరు చెప్పాడు, స్వభావం చెప్పాడు. ఏది పాలు చేపే ముందు పాట అడుగుతుందో చెప్పాడు. వరండాలో సమ్రీన్ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. వాక్యాల్లో తప్పులు ఉన్నాయి. వైకుంఠం సార్ వాటన్నింటినీ విన్నారు. ఒక్కటి కూడా దిద్దాలనిపించలేదు. మేడమ్ పెన్ను బల్ల మీద పెట్టేసి వింటోంది. అంజన్న తలుపులోంచి తొంగి చూసి, తర్వాతి పిల్లను పిలవాలా వద్దా అన్నట్టు సార్ వైపు చూశాడు. సార్ చేత్తోనే వద్దన్నారు.

మధ్యాహ్నం భోజనానికి బయటికి వచ్చి మేడమ్ ఆయన ముందు ఆగింది.

"ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ పిల్లలందరికీ తోటలున్నాయా సార్?"

"కుండీల పుదీనా ఉంటది మేడమ్," అంది సమ్రీన్, సార్ నోరు తెరిచేలోపే.

సాయంత్రం దుకాణం దగ్గర కృష్ణయ్య చాయ్ గ్లాసు అందించాడు. అడగడానికి జంకాడు. తమ్ముడి భుజం మీద ఎవరిదో తాడు వేలాడుతోంది. తిరిగి ఇవ్వడం మరిచిపోయినట్టున్నాడు.

"అయిందన్నా," అన్నారు వైకుంఠం సార్. నందు గురించి, లాడ్లా గురించి చెప్పారు.

కృష్ణయ్య గల్లాపెట్టె ముందు నుంచి లేచాడు. ఒక చిన్న ఇత్తడి గంట తీసి, గుడ్డతో తుడిచి, తమ్ముడి చేతిలో పెట్టాడు.

"ఆ పోరని దున్నపోతుకు కట్టుమను."

ఫలితాలు వచ్చాయి. నందు పాసయ్యాడు. ఆ మర్నాడు పొద్దున్న వైకుంఠం సార్ తాడు, గంట పట్టుకుని గౌలిపుర గల్లీలోకి వెళ్ళారు. నందు లాడ్లాను కడుగుతున్నాడు. రుక్మాబాయి అరుగు మీద ఉంది.

"ఉద్యోగానికి ఎప్పుడు వెళ్తున్నావు?" అని వెనక నుంచి ఇంగ్లీషులో అడిగారు.

"సోమవారం సార్."

"లాడ్లాకు చెప్పావా?"

నందు చేయి ఆపాడు. పీచును బకెట్ అంచు మీద పెట్టి, తడి చేతులు లుంగీకి తుడుచుకుని, సార్ వైపు పూర్తిగా తిరిగాడు. చేతుల్లో ఏమీ లేదు. ఇంకా చెప్పలేదన్నాడు, ఇంగ్లీషులోనే. చెబితే అలిగి దాణా మానేస్తాడన్నాడు. ముందు నాయనమ్మకు చెప్పాలని, ఆమె వాడికి తన పద్ధతిలో చెబుతుందని అన్నాడు. చెబుతూనే ఉన్నాడు.

"మల్ల మొదలువెట్టిన్రు," అంది రుక్మాబాయి.