వంతెన దాకా

నేను అద్దెకున్న మేడగది కింద కాపురముండే ఇంటాయన జీవితమంతా సిటీ బస్సు నడిపాడు. వీధిలో అందరికీ డ్రైవరుగారే. బట్టల మిల్లులో పనిచేసే ఆయన భార్య రోజూ ఆ బస్సులోనే వెళ్లొచ్చేది. పెళ్లికి ముందూ అదే బస్సు, తర్వాతా అదే. డ్రైవరు సీటు వెనక కడ్డీకి "డ్రైవరుతో మాట్లాడరాదు" అని ఒక బోర్డు, దాని వెనక సీటు ఆవిడది.

"ఈయన ముఖం కన్నా మెడే నాకెక్కువ తెలుసు అన్నయ్యగారూ," అని నవ్వేది. ఆ నవ్వు చివర ఏదో మిగిలిపోయేది.

ఆవిడ కోరిక ఒక్కటే. ముందు సీట్లో ఆయన పక్కన కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ ఊరి చివరి వంతెన దాటాలి. నది మొత్తం ఒక్కసారిగా ఎదుట పరుచుకోవడం ఇన్నేళ్లూ ఆయనొక్కడే చూశాడట. ఆవిడ కిటికీలోకి వంతెన కమ్ములే వచ్చేవట.

రిటైరవగానే కారు కొన్నది అందుకే. సరికొత్తది. తాళంచెవి తిప్పే పనే లేదు, ముందు పెద్ద తెర ఒకటి. ఎప్పుడు బయల్దేరినా వంతెన దగ్గరపడేసరికి ఆగిపోయేది. షెడ్డుకి తీసుకెళితే కంప్యూటరు తగిలించి, ఏ లోపమూ లేదని పంపేసేవారు.

నేను తిరగని ఊరు లేదు, ఎక్కని బండి లేదు. పాత బండ్లు మొరాయిస్తే మనల్ని ఏదో ఒకటి అడిగేవి, నీళ్లు పొయ్యమనో, దిగి తొయ్యమనో. ఒకసారి కొండదారిలో ఆగిన వ్యానుని ఫుట్‌బాల్ జట్టంతా కలిసి తోసింది. అది స్టార్టయిన సంబరంలో డ్రైవరు వాళ్లని అక్కడే మర్చిపోయి వెళ్లిపోయాడు. సరే, ఆ కథ వేరు. ఈ కారు మాత్రం ఎవరినీ ఏమీ అడగదు.

ఒక ఆదివారం నన్నూ రమ్మన్నారు. ఆవిడ కొత్త కళ్లజోడు పెట్టుకుని ముందు కూర్చుంది. వంతెన స్తంభాలు కనబడ్డాయో లేదో, కారు నీరసపడింది. తెరమీద పసుపు ముక్కోణం వెలిగింది.

"ఏమంటోందండీ?"

"ఆపమంటోంది."

"ఎందుకట?"

"చెప్పదు. మా డిపో మేనేజరు బాపతు."

"పోనీ దిగి తోద్దామా? అన్నయ్యగారూ, మీరూ ఓ చెయ్యెయ్యండి."

"తోస్తే కదిలే రకం కాదే. చక్రాలు బిగించుకుని కూర్చుంది."

ఆయన కంపెనీకి ఫోన్ చేశాడు. ఒకసారి ఆపేసి మళ్లీ ఆన్ చెయ్యమంది అవతలి అమ్మాయి.

"అదే ఆగుతోంది, అదే వెలుగుతోందమ్మా. మధ్యలో నన్నడిగితే కదా!" అని ఫోన్ పెట్టేశాడు. చేతులు స్టీరింగు మీదే ఉండిపోయాయి. "తలుపు తాడుతో కట్టి నడిపాను బస్సుని. ఒక్కనాడు నిన్ను మిల్లుకి ఆలస్యం చేశానా?"

"లేదులెండి," అందావిడ మెల్లిగా.

మళ్లీ ఫోన్ చేస్తే, లాక్కెళ్లే బండి సాయంత్రానికి గానీ రాదన్నారు. అంతలో వెనకనుంచి బస్సొచ్చింది, ఆయన పాత రూటుదే. ఆవిడే చెయ్యెత్తి ఆపింది.

ఎక్కగానే ఆవిడ కాళ్లు తిన్నగా డ్రైవరు వెనక సీటు దగ్గరికే నడిచాయి. ఆయన పక్కన కూర్చున్నాడు. వాళ్ల వెనక నేను. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు లేని బ్రేకుని తొక్కుతోంది.

"మాట్లాడండి మరి. ఇప్పుడు మీరు డ్రైవరు కాదుగా," అందావిడ.

ఆయన గొంతు సవరించుకున్నాడు. చాలాసేపు ఆలోచించాడు.

"వీడి క్లచ్చు అరిగిపోయింది," అన్నాడు.

ఆవిడ పగలబడి నవ్వింది. ఆయనా నవ్వాడు. బస్సు వంతెనెక్కింది. ఆయన వంగి, ముందు అద్దంలోకి వేలు చూపించాడు.

"అదిగో, చూడు. నది."

ఆవిడ చూపు అంతదూరం పోలేదు. ఎదుట సీట్లో, కాలరు పైన, చెమటపట్టిన డ్రైవరు మెడ దగ్గరే ఆగిపోయింది.

"అటేం చూస్తావే? నేనిక్కడున్నాగా."

"తెలుసండీ," అంది, చూపు తిప్పకుండానే.