మగ్గం దగ్గర వెలుగు పేచీ

మా ఫిజిక్స్ మేడమ్ పోయారని పోయిన ఆదివారం పొద్దున గుంతకల్లు నుంచి ఫోన్ వచ్చింది. నిద్రలోనే పోయారట. నేను ఏడుస్తుంటే నాయన మగ్గం ఆపాడు. ఆ తర్వాత, "ఇంగ నేను ఎవరితో పేచీ పెట్టుకోవాల పాపా?" అన్నాడు. మేడమ్‌కూ మా నాయనకూ వెలుగు గురించి పేచీ. నా బతుకు దారి మళ్లింది ఆ పేచీతోనే.

ధర్మవరం కాలేజీలో ఆమె మాకు ఇంటర్‌లో పాఠాలు చెప్పారు. గుంతకల్లు నుంచి రోజూ రైల్లో వచ్చేవారు. సంచిలో గొడుగూ, వేయించిన బుడ్డలూ, అంటే వేరుశెనగలూ, బెల్లం ముక్కా తప్పనిసరి. వానలే లేని సీమలో గొడుగెందుకు మేడమ్ అంటే, "ఎండ తక్కువుండాదా?" అనేవారు. తెలియని దానికి ఏదో ఒకటి అల్లి చెప్తే ఆమెకు ఒళ్లు మండేది. "తెలీదు" అని నిలబడితే మాత్రం, "అబ్బ, ఒకరన్నా నిజం చెప్పినారప్పా" అని గుప్పెడు బుడ్డలు పెట్టేవారు. తెలిసీ తెలీదని చెప్పి బుడ్డలు తిన్న ఘనులు మా క్లాసులో ఉన్నారు. పేర్లొద్దులెండి.

రెండో ఏడు ఆరునెలల పరీక్షలో కాంతి తరంగమా, కణమా అని అడిగారు. నేను మహా ధీమాగా రాశాను: కాంతికి పడుగు తరంగం, పేక కణం. ఈ సిద్ధాంతం మా నాయనది. నేను పైకి చదువుతుంటే నేస్తూనే విన్నాడు. మేం నేసే పట్టుచీరలో పడుగు, అంటే నిలువు దారం, ఒక రంగు. పేక, అంటే అడ్డదారం, ఇంకో రంగు. ఇటు తిప్పితే పచ్చ, అటు తిప్పితే ఎరుపు. "వెలుగూ అంతే. దీనికింత రాద్ధాంతమా?" అని తేల్చేశాడు. పరీక్షకు ముందు ఆ మాట నేను స్నేహితులకు చెప్పాను. అందరం మగ్గాల ఇళ్ల పిల్లలమే, అందరికీ ఇట్టే అర్థమైపోయింది, అందరూ అదే రాశారు.

పేపర్లు దిద్ది, ఈ మాట ఎవరిదో పిల్లల్ని ఆరా తీసి, ఆ సాయంత్రమే మేడమ్ మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. ఇంటర్ కాగానే చదువు మాన్పించి నన్ను మగ్గంలో కూర్చోబెట్టాలని నాయన అప్పటికే తీర్మానించాడు. నాకేమో చదువుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఈ తప్పుతో ఆ ఆశా పోయిందనుకున్నాను.

"ఏమన్నా, నా క్లాసంతా చెడగొట్టినావు గదా!" అన్నారు ఆమె వస్తూనే.

"యాడుండాది తప్పు? చీరలో రెండూ ఉంటాయి, వెలుగులో రెండూ ఉంటాయి," అన్నాడు నాయన, ఏమాత్రం తగ్గకుండా.

"చీరలో పడుగు దారం వేరే, పేక దారం వేరే ఊడబీకి చూపిస్తావు. వెలుగులో ఊడబీకు, చూస్తాం!"

సంచిలోంచి చిన్న లేజర్ లైటు తీసి, మగ్గం మీద బిగించిన పడుగులోంచి గోడ మీదికి వేశారు. ఒక చుక్క పడాల్సిన చోట ఎర్రచుక్కలు బారుగా నిలబడ్డాయి. నాయన నోరు తెరిచాడు.

"దారాల సందుల్లోంచి అలల మాదిరి పరుచుకోని వస్తాది. అలలు కలిసిన చోట వెలుగు, ఒకదాన్నొకటి కొట్టేసుకున్న చోట చీకటి," అన్నారు మేడమ్.

"అట్లయితే అలే! ఇంగ కణం యాడిది?"

"రంగేసిన పట్టు ఎండలో ఎందుకు ఆరబెట్టవు?"

"రంగు ఎలిసిపోతాది."

"దేవుని పటం కాడ ఎర్ర బల్బు ఎలుగుతాండాదే, దాని కింద పట్టుగుడ్డ ఎలిసిందా?"

"లేదే."

"ఎండలో కొన్ని కణాలు గట్టివి. ఒక్కొక్కటే వచ్చి తగిలి రంగును ఇరగ్గొడతాయి. ఎర్ర వెలుగు కణాలు ఎన్ని తగిలినా ఆ బలం లేదు."

నాయన గోడ దగ్గరికి పోయి చుక్కను వేలితో తాకబోయాడు. చుక్క వేలి మీదికి ఎక్కింది. "మరి నిజానికి అదేంది మేడమ్?"

"నాకు తెలీదన్నా. ఏ పరీక్ష పెడితే ఆ గుణం చూపిస్తాది. రెండూ నిజమే. అసలు అదేమో చెప్పేకి నా చదువు చాల్లేదు. నీ కూతురికి చదవాలనుంది. పంపిచ్చు."

"నాకాడుంటే నా తప్పే నేర్చుకుంటాది," అన్నాడు నాయన. "పోనీ మేడమ్. సదవనీ."

అలా నేను చదివాను. ఇప్పుడు నేనూ ఫిజిక్స్ చెప్పే బతుకే. మేడమ్ రిటైరయ్యాక కూడా వీలైనప్పుడల్లా వచ్చి, టీ తాగుతూ నాయనతో వాదులాడేవారు. ఆయన ఆమె కోసం ప్రశ్నలు దాచిపెట్టుకునేవాడు. ఒక్కరూ ఓడిపోయేవారు కాదు. ఆమెకు నేను ఎంత రుణపడ్డానో ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పగలిగాను, ఆమె "సాల్లే" అని కసిరారు. ఆ కసురు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

మేడమ్‌ను ఆఖరి చూపు చూసి ఆ సాయంత్రం రైల్లో తిరిగొస్తున్నాం. నాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. అనంతపురం దాటాక ఉన్నట్టుండి అడిగాడు: "సూర్యుని కాణ్నించి బయలుదేరి ఇంకా ఈడికి రాని వెలుగు, దావలో అల అయ్యుంటాదా, కణమా?"

"తెలీదు నాయనా."

"ఇన్నేండ్లు సదివీ?"

"ఇన్నేండ్లు చదివీ."

పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వాడు. కిటికీ ఊచల్లోంచి అరచెయ్యి బయటికి చాచి, వాలుతున్న ఎండలో అటూ ఇటూ తిప్పుకుంటూ, ధర్మవరం వచ్చేదాకా చూస్తూనే ఉన్నాడు.