ఫ్లోరెన్స్ టీచరు విమానం క్లాసు

మా పక్కింటి వరండాలో ఒక సుద్దగీత ఉంటుంది. వానకు చెరిగితే మర్నాడే మళ్ళీ గీస్తారు. బాపట్లలో మా వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరో ముగ్గు మొదలెట్టి మధ్యలో వదిలేశారనుకుంటారు. ముగ్గూ గిగ్గూ ఏమీ కాదండి, అది పరాయి దేశం సరిహద్దు. వెళ్ళేవాళ్ళు గీత ఇవతల నిలబడాలి, పిలిస్తేనే దాటాలి. తొందరపడి కాలు పెట్టారా, ఫ్లోరెన్స్ టీచరు చేతిలో స్కేలు బల్లమీద ఠపీమంటుంది. గీత అవతల భోజనాల బల్ల, దాని వెనక కుర్చీ, కుర్చీలో నేను.

నా పేరు బసవపున్నయ్య. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ముప్ఫయ్యొక్కేళ్ళు గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. జనం చేత వేలిముద్రలు వేయించడం, దస్తావేజుల మీద ముద్రలు కొట్టడం తప్ప నాకింకో విద్య రాదు. విమానం పైన పోతుంటే చూడటమే గానీ ఎక్కింది లేదు. అలాంటివాణ్ణి ఇమిగ్రేషన్ ఆఫీసరు వేషం ఎలా కడతానమ్మా అంటే, "మీ మొహంలో ఆ చిరాకుంది అన్నయ్యగారూ, అది చాలు" అంది టీచరమ్మ. ఆ రోజు నుంచీ నాకు ఆదివారం మధ్యాహ్నం కునుకు లేదు.

టీచరమ్మ ఒంటరి మనిషి. రేపల్లె అవతల నగరం అనే ఊరి బళ్ళో ఇరవై ఎనిమిదేళ్ళు సోషల్ పాఠాలు చెప్పింది. బోర్డు మీద ప్రపంచపటం చెయ్యెత్తకుండా గీసేదట. అందులో ఒక్క దేశమైనా చూడకుండానే రిటైరైంది. ఆ తర్వాత చర్చివాళ్ళతో కలిసి యెరూషలేము వెళ్ళింది. ముప్ఫై ఎనిమిది మంది. తీసుకెళ్ళినాయన భద్రంగా ఉంటాయని అందరి పాస్‌పోర్టులూ తన సంచిలోనే పెట్టుకున్నాడు. దారిలో ఏదో ఊళ్ళో విమానం మారాలి. ఈమె బాత్రూముకెళ్ళి వచ్చేసరికి మనవాళ్ళు ఒక్కరూ లేరు. పాస్‌పోర్టు లేదు, టిక్కెట్టు లేదు, ఫోను వేరేవాళ్ళ దగ్గర చార్జింగులో ఉంది, ఒక్క నంబరూ నోటికి రాదు. మనవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేదాకా నాలుగు గంటలు అలా కూర్చుందట. తిరిగొచ్చాక యెరూషలేము ఎలా ఉందని అడిగితే రెండు ముక్కల్లో తేల్చేసేది. ఆ నాలుగు గంటల సంగతి మాత్రం వీధి మొత్తానికీ చెప్పింది.

అప్పట్నుంచీ మొదటిసారి దేశం దాటేవాళ్ళు ఎవరున్నారని తెలిసినా కబురు పెట్టి మరీ పిలుస్తుంది. ఎవరి పాస్‌పోర్టు వాళ్ళ ఒంటిమీదే ఉండాలి. దాని జిరాక్సు ఇంకో సంచిలో ఉండాలి. ఒక్క ఫోన్ నంబరు, ఒకే ఒక్కటి, నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. ముందు పాస్‌పోర్టు, తర్వాత వీసా, ఆ తర్వాతే టిక్కెట్టు. చవగ్గా వస్తోందని టిక్కెట్టు ముందు కొన్నవాళ్ళని ఆమె ఎంతెంత మాటలందో నేను విన్నాను. పెట్టెలు కొలవడానికి కొక్కెం తక్కెడొకటి గుమ్మానికి వేలాడుతుంటుంది. పచ్చడి జాడీలో కూడదు, మూడు కవర్లలో చుట్టాలి. ఇక చివర నా వంతు. ఎందుకు వెళ్తున్నావు, ఎక్కడుంటావు, ఎన్నాళ్ళుంటావు అని నేను అడగాలి. అడిగినదానికి మాత్రమే వాళ్ళు చెప్పాలి. మనవాళ్ళకి అదే రాదు. తెనాలి నుంచి ఖైరున్నీసా అనే ఆవిడ మక్కాకి ఉమ్రా యాత్ర వెళ్తూ వచ్చింది. ఎందుకు వెళ్తున్నావమ్మా అని అడిగీ అడగ్గానే ఏడుపు అందుకుంది. మూడు ఆదివారాలు పట్టింది ఆవిడ ఆ ఒక్క ప్రశ్న దాటడానికి. వెళ్ళొచ్చి నాక్కూడా ఖర్జూరాలు తెచ్చిపెట్టింది, అది వేరే సంగతి.

వేటపాలెం లక్ష్మమ్మ వచ్చింది జనవరి మొదటి ఆదివారం. పక్కన మొగుడు ముత్తయ్య, చేతిలో మడతపెట్టిన కాగితాలు. లక్ష్మమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో గింజలు కొట్టే మనిషి, యాభై దాటాయి. కూతురు కరుణశ్రీ మస్కట్లో నర్సు. అల్లుడి పని ఎడారిలో ఎక్కడో, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. ఆ పిల్లకి రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇది మూడోది. ఏడో నెల వస్తోంది, ఏప్రిల్ రెండోవారం పురుడన్నారు. అమ్మ పక్కనుంటేనే పురిటి గదిలోకి వెళ్తానని ఫోనులో ఒకటే మాటట. లక్ష్మమ్మకి అప్పటికి పాస్‌పోర్టే లేదు. దరఖాస్తు పెడితే ఫిబ్రవరి పన్నెండుకి విజయవాడ రమ్మన్నారు.

సరే, మామూలుగానే గీత దగ్గర నిలబెట్టాం. ఎందుకు వెళ్తున్నావంటే కూతురు కాళ్ళ వాపుల దగ్గర్నుంచి మొదలెట్టింది. స్కేలు రెండుసార్లు మోగింది. మూడోసారికి "మా అమ్మాయి పురిటికండి" అని ఆపింది. బాగానే ఉందనుకుని, వేలు మిషన్ మీద పెట్టు అన్నాను. మిషనంటే ఏంటి, టీచరమ్మ ఉప్పు డబ్బా మూత. లక్ష్మమ్మ కదల్లేదు. వెనక్కి తిరిగి ముత్తయ్యని రమ్మంది. ముత్తయ్య వచ్చి తన బొటనవేలు పెట్టాడు.

ఇదేంటయ్యా, వెళ్ళేది నువ్వా, ఆవిడా అన్నాను.

"నా వేలు పడదండి. రేషన్‌కాడ, బ్యాంకుకాడ, అన్నిటికీ మా ఆయనే ఏస్తాడు. పాస్‌పోర్టుక్కూడా ఈయన్ని తీసుకుపోతాలెండి" అంది లక్ష్మమ్మ. చాలా మామూలుగా అంది.

నాకు నవ్వొచ్చింది, దాస్తే ఏం లాభం. పళ్ళికిలించి ఇంటికెళ్ళి, రిటైరైనప్పుడు తెచ్చుకున్న ఇంకుప్యాడు పట్టుకొచ్చాను. వేలు పడకపోవడమేంటో చూద్దామని తెల్లకాగితం మీద ఆవిడ బొటనవేలు నేనే పట్టుకుని దొర్లించాను. నల్లటి మచ్చ పడింది. ఒక్క గీత లేదు. రెండో వేలు అంతే, పదివేళ్ళూ అంతే. జీడిగింజ పెంకులో ఉండే చమురు చర్మాన్ని తినేస్తుంది. బూడిద పూసుకున్నా, ఆముదం రాసుకున్నా ముప్ఫయ్యేళ్ళు కొడితే ఏం మిగుల్తుంది. నా నవ్వు ఆగిపోయింది. ఆఫీసులో ఆ వైపు ఆడవాళ్ళు ఎంతమందో ఇలాంటి మచ్చలే వేశారు. ఇంకు ఎక్కువ పులిమావు, తుడిచి మళ్ళీ వెయ్యమని ఒక్కొక్కరిని నాలుగైదుసార్లు కసిరేవాణ్ణి. వేలు తిప్పి చూడాలని నాకు ఒక్కసారీ తోచలేదు.

పడకపోతే పాస్‌పోర్టు ఆఫీసువాళ్ళే ఏదో దారి చూస్తారులేమ్మా అన్నాను. టీచరమ్మకి "చూస్తారులే" అనే మాట పడదు. మళ్ళీ రమ్మని ఒక్క నెల వెనక్కి తోస్తే వీసా ఎప్పుడొస్తుంది, పురుడు ఆగుతుందా అంది. అక్కడికక్కడే తీర్పు చెప్పేసింది. విజయవాడ వెళ్ళేదాకా గింజ ముట్టకూడదు. అంట్లు, బట్టలు ముత్తయ్యే చూసుకోవాలి. పొద్దునా రాత్రీ కొబ్బరినూనె రాయాలి. ప్రతి ఆదివారం వచ్చి ఈ కాగితం మీద వేలు వెయ్యాలి.

రెండో ఆదివారం మచ్చే. మూడోవారం వేలి అంచున సన్నగా నాలుగు గీతలు కనిపించాయి. నేను భూతద్దం పెట్టి చూసి, వచ్చాయన్నాను. ముత్తయ్య నా చేతిలో అద్దం లాక్కుని మరీ చూశాడు. నాలుగోవారం వేలు వేయించి చూస్తే మళ్ళీ నల్లమచ్చ. ఆ నాలుగు గీతలూ పోయాయి.

లక్ష్మమ్మ తలొంచుకుంది. పని ఎక్కువుంది, రెండ్రోజులు వచ్చిపో అని మేస్త్రీ కబురు పెట్టాడట. కాదంటే తిరిగొచ్చాక చోటు ఉండదని భయం. నాలుగు రోజులు వెళ్ళింది. నేనెప్పుడూ చూడని కోపం టీచరమ్మలో ఆ రోజు చూశాను. స్కేలు ముట్టుకోలేదు. లక్ష్మమ్మ రెండు చేతులూ తన ఒళ్ళోకి లాక్కుని కూర్చుంది.

"మా అమ్మవీ ఇవే చేతులు. ఆ వేటపాలెంలోనే గింజలు కొట్టి నన్ను టీచర్ని చేసింది. నల్లగా ఉండేవని చర్చిలో పక్కన కూర్చున్నా నా చెయ్యి పట్టుకోనిచ్చేదాన్ని కాదు. పోయేదాకా ఒక్కసారి తిప్పి చూడలేదు" అంది. ఆ తర్వాత గొంతు మార్చకుండానే, "నువ్వింక మీ ఊరు వెళ్ళడం లేదు. ఇక్కడే ఉంటున్నావు" అంది.

పదిహేడు రోజులు ఉంచుకుంది. కంచం కడగనివ్వలేదు, చీపురు పట్టనివ్వలేదు. లక్ష్మమ్మ తిన్న కంచం టీచరమ్మే కడిగేది. మొదటి నాలుగు రోజులూ లక్ష్మమ్మ ఆ మొహమాటానికి సరిగా తినలేదు. పనిలేక ఆ మనిషికి పిచ్చెక్కినంత పనైంది. గోడవారన కూర్చుని ఖాళీ చేతుల్ని ఒకదాంతో ఒకటి రుద్దుకుంటుంటే, నా భార్య జాలిపడి చిక్కుడుకాయలు ఈనె తీసిపెట్టమని ఇచ్చింది. టీచరమ్మ ఆ బేసిన్ తెచ్చి మా గుమ్మంలో పెట్టి పోయింది. మా ఆవిడ మూడ్రోజులు మూతి ముడుచుకుంది. ఆ ఖాళీలోనే టీచరమ్మ నేర్పాల్సినవన్నీ నేర్పింది. కూతురి ఫోన్ నంబరు దేశం అంకెలతో సహా పాటలాగా వల్లె వేయించింది. బాలింతకని లక్ష్మమ్మ కట్టుకున్న మూటలో గసగసాలు కనిపిస్తే తీసి పక్కన పడేసింది. ఆ దేశాల్లో గసగసాలు నల్లమందు కింద లెక్క, పట్టుకుంటే జైల్లో పెడతారంటే లక్ష్మమ్మ నమ్మలేదు. కూరలో వేసుకునేదానికి జైలేంటండి అని నన్నడిగింది. నాకూ తెలీదన్నాను.

ఫిబ్రవరి పన్నెండున విజయవాడ మేం నలుగురం వెళ్ళాం. నేనెందుకంటే, వెళ్ళకుండా ఉండలేకపోయాను, అంతే. లోపలికి లక్ష్మమ్మని ఒక్కదాన్నే పంపారు. ముత్తయ్య బయట మెట్ల మీద కూర్చుని తన బొటనవేలిని గోటితో గీరుకుంటున్నాడు. ముప్ఫయ్యేళ్ళలో ఆవిడ వేలు అడిగినచోట ఈయన వేలు లేకపోవడం అదే మొదటిసారి. గంటన్నర తర్వాత లక్ష్మమ్మ వచ్చింది. లోపల గీత ఉందా అమ్మా అని ముందు నేనే అడిగాను. ఉంది, పిలిచేదాకా దాటలేదు అంది. ఎడమచేతి వేళ్ళు మొదటిసారికే పడ్డాయట. కుడి బొటనవేలు రెండుసార్లు పడలేదు. అక్కడి అమ్మాయి తుడుచుకోమని గుడ్డ ఇచ్చిందట. మూడోసారికి పడింది. టీచరమ్మ విని, టిఫిన్ తిందాం పదండి అంది. హోటల్లో ఇడ్లీ ముందు పెట్టుకుని ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకుంది. నేను చూశాను.

తర్వాత అన్నీ వరసగా జరిగాయి. మార్చి మొదట్లో పాస్‌పోర్టు, నెలాఖరుకి వీసా, టిక్కెట్టు. లక్ష్మమ్మ ఒక్కతే హైదరాబాద్‌లో విమానం ఎక్కింది. మస్కట్లో దిగాక కూడా వేలు పెట్టమన్నారట, పెట్టింది, పడింది. ఏప్రిల్ తొమ్మిదో తారీఖున ఆడపిల్ల. ఆపరేషన్ గదిలోకి వెళ్ళేముందు కరుణశ్రీ తల్లి చేతులు పట్టుకుని, ఇవేంటమ్మా ఇంత మెత్తగా ఉన్నాయి అందట. ఆ ముక్క ఫోనులో చెబితే టీచరమ్మ నాకు రెండుసార్లు చెప్పింది.

జులైలో లక్ష్మమ్మ తిరిగొచ్చింది. ఆదివారం మధ్యాహ్నం ఖర్జూరాల పొట్లంతో వచ్చింది. కాస్త ఒళ్ళు చేసింది, రంగు తేలింది. పాప ఫోటోలు చూపించింది. మూడు నెలలు పాపకి నూనె రాసి నలుగుపెట్టి నీళ్ళుపోసిన చేతులు. అద్దం అక్కర్లేకుండానే గీతలు కనిపిస్తున్నాయి. టీచరమ్మ ఆ చేతులు పట్టుకునే మాట్లాడుతోంది. మేస్త్రీ చోటు ఉంచాడట. రేపు పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్తున్నానంది. మానేయమని మాలో ఎవరూ అనలేదు. అనడానికి మేమెవరం.

వెళ్ళడానికి లేచి, మళ్ళీ కూర్చుంది. ఇంకుప్యాడు ఉందా అన్నయ్యా అని అడిగింది. దేనికమ్మా అన్నాను.

"ఒకసారి ఏసి పోతానండి. రేపట్నుంచి మళ్ళీ పోతాయి గదా. మనవరాలు పెద్దదై అడిగితే మీ అమ్మమ్మ వేలు ఇట్టా ఉండేదని చూపిస్తారని."

పాత కాగితమే తీశాం. నల్లమచ్చలన్నిటి కిందా చోటుంది. నేను చెయ్యి పట్టబోతే టీచరమ్మ నన్ను పక్కకి జరగమంది. తనే ఆ బొటనవేలు పట్టుకుని ఇంకులో అద్ది, కాగితం మీద మెల్లగా దొర్లించింది. గీతలన్నీ పడ్డాయి. ఆరేదాకా ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. నాకు ఏడుపొచ్చింది, ఈ వయసులో చెప్పుకోవడానికి సిగ్గేంటి. లక్ష్మమ్మ ఇంకు వేలిని చీరకొంగుకి తుడుచుకుని, ప్యాసింజరుకి టైమవుతోందని లేచింది. వరండాలో సుద్దగీత దగ్గర ఆగి, అలవాటుగా మమ్మల్ని చూసింది. వెళ్ళమని టీచరమ్మ తల ఊపాక దాటింది.